పశువులలో పిడుదు నిరోధక శక్తి ఏర్పడే విధానం: ఒంగోలు జాతి ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

పశువులను పీడించే బాహ్య పరాన్నజీవులలో పిడుదులు ముఖ్యమైనవి. ఇవి రక్తాన్ని పీల్చడమే కాక బబేసియా, థైలీరియా, అనాప్లాస్మా వంటి ప్రాణాంతక వ్యాధులను వ్యాప్తి చేస్తాయి. మందుల ప్రభావం క్రమంగా తగ్గుతున్న నేటి పరిస్థితులలో, పశువు శరీరంలోనే ఏర్పడే నిరోధక శక్తికి ప్రాధాన్యం పెరిగింది. ఈ శక్తి పుట్టుకతో పూర్తిగా సిద్ధమై ఉండదు. వంశపారంపర్యంగా సంక్రమించిన సామర్థ్యం పిడుదుల కాటుకు పదే పదే గురైనప్పుడు మాత్రమే వ్యక్తమవుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఒంగోలు జాతిని ఉదాహరణగా తీసుకొని ఈ శక్తి ఏర్పడే క్రమం, దానిని కొలిచే పద్ధతి, తగ్గించే పరిస్థితులు, విస్తరణ కార్యక్రమాలలో పాటించదగిన అంశాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ముఖ్య పదాలు: పిడుదులు, ఒంగోలు జాతి, నిరోధక శక్తి, సంకర జాతి పశువులు, అనువంశికత, పిడుదు నాశకాలు

ఉపోద్ఘాతం

మంగళగిరి పరిసరాలలో ఒకే పాకలో, ఒకే గాటి వద్ద ఒంగోలు ఆవును, జెర్సీ సంకర జాతి ఆవును కట్టివేసి మేపే రైతులు అనేకులు. రెండింటికీ మేత ఒకటే, నేల ఒకటే, పాకలోని పిడుదులూ అవే. అయినప్పటికీ సంకర జాతి ఆవు చెవుల లోపల, గంగడోలు మడతలలో, పొదుగు చుట్టూ, తోక మొదట్లో పిడుదులు గుత్తులుగా పట్టి ఉంటాయి. ఒంగోలు ఆవు మీద వెదికితే కొద్దిపాటి మాత్రమే కనిపిస్తాయి. కొన్ని ప్రాంతాలలో గోమార్లు అని పిలిచే ఈ జీవుల విషయంలో రైతులు తరతరాలుగా గమనించిన ఈ తేడాకు శాస్త్రీయ కారణాలు ఏమిటన్నది ప్రశ్న.

చర్చకు ముందు ఒక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. పత్తి, మిరప పండించే మన ప్రాంతంలో ‘నిరోధకత’ అనగానే పురుగు మందుకు లొంగకపోవడమే గుర్తుకు వస్తుంది. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విస్తారంగా వాడారు. దశకం మధ్యలో తెల్లదోమ విజృంభించింది. 1987 నాటికి శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు లొంగని స్థితికి చేరినట్లు రాష్ట్రం నుండి సేకరించిన పురుగులపై జరిపిన పరీక్షలు వెల్లడించాయి. అది శత్రువు సంపాదించిన నిరోధకత. ఈ వ్యాసంలో చర్చించేది పశువు సంపాదించే నిరోధక శక్తి. పిడుదుల విషయంలో ఈ రెండూ ఏకకాలంలో పనిచేస్తాయి. పిడుదు మందుకు అలవాటు పడుతున్న కొద్దీ పశువు సొంత శక్తి విలువ పెరుగుతుంది.

పిడుదు జీవిత చక్రం

మన పశువులపై ప్రధానంగా రెండు పిడుదులు కనిపిస్తాయి. మొదటిది రిపిసెఫాలస్ మైక్రోప్లస్. పూర్వం దీనిని బూఫిలస్ మైక్రోప్లస్ అనేవారు. ఇది ఒకే పశువుపై జీవించే పిడుదు. గడ్డి కొనలపై వేచి ఉన్న లార్వా పశువును చేరి, అక్కడే నింఫ్‌గా, ఆపై పెద్ద పిడుదుగా మారుతుంది. ఈ దశలన్నీ సుమారు 21 రోజులలో పూర్తవుతాయి. కడుపు నిండిన ఆడ పిడుదు నేలరాలి, 2,000 నుండి 3,000 వరకు గుడ్లు పెట్టి మరణిస్తుంది. బబేసియా బైజెమినా క్రిములు గుడ్ల ద్వారా తరువాతి తరం పిడుదులకు సంక్రమిస్తాయి.

రెండవది హయలోమా అనటోలికం. ఇది రెండు లేక మూడు పశువులు మారుతుంది. మిగిలిన కాలమంతా గోడ పగుళ్లలో, పాక మూలలలో దాగి ఉంటుంది. థైలీరియా అన్యులేటా క్రిమిని వ్యాప్తి చేసేది ఇదే. ఈ క్రిమి గుడ్ల ద్వారా సంక్రమించదు. ఒక దశలో రోగ పశువు రక్తాన్ని పీల్చిన పిడుదు తరువాతి దశలో మరొక పశువుకు దానిని అంటిస్తుంది. పశువులలో పిడుదు నిరోధక శక్తిపై జరిగిన ప్రసిద్ధ పరిశోధనలలో ఎక్కువ భాగం మొదటి పిడుదుపైననే జరిగాయి. పాకలలో నివసించే రెండవ పిడుదు విషయంలో పశువు శక్తితో పాటు పాక శుభ్రతకూ సమాన ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది.

పరిశోధనల నేపథ్యం

పిడుదు వ్యాధిని వ్యాప్తి చేయగలదని తొలిసారిగా నిరూపించినవారు అమెరికాకు చెందిన థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్బోర్న్. టెక్సాస్ జ్వరంపై వారు 1893లో వెలువరించిన నివేదిక పశువైద్య చరిత్రలో మైలురాయి. జంతువులు పిడుదుల పట్ల నిరోధక శక్తిని సంపాదించుకొంటాయని 1939లో విలియం ట్రేగర్ గినీ పందులపై చూపారు. ఒకసారి పిడుదులు కరచిన జంతువుపై రెండవసారి వదలిన లార్వాలు సరిగా రక్తం పీల్చలేకపోయాయి.

పశువులలో ఈ విషయం ఎక్కువగా ఆస్ట్రేలియాలో అధ్యయనం చేయబడింది. 1872లో బటావియా నుండి డార్విన్ రేవుకు దిగుమతి అయిన మూపురం గల పశువులతో పాటు పిడుదు ఆ దేశంలో ప్రవేశించింది. ఐరోపా సంతతి పశువులు దాని ధాటికి తట్టుకోలేకపోయాయి. 1933లో అక్కడి శాస్త్ర పరిశోధన మండలి అమెరికా నుండి బ్రాహ్మన్ పశువులను తెప్పించి క్వీన్స్‌లాండ్‌లో సంకరీకరణ ప్రారంభించింది. అమెరికాలో బ్రాహ్మన్ జాతిని రూపొందించడానికి గుజరాత్, గిర్, కృష్ణా వ్యాలీ పశువులతో పాటు నెల్లూరు పేరుతో వెళ్లిన మన ఒంగోలు పశువులనూ వినియోగించారు. పిడుదు, దానిని తట్టుకొనే శక్తి రెండూ ఆసియా పశువులతోనే ఆ ఖండాన్ని చేరాయన్నమాట.

1962లో రీక్, 1968లో రాబర్ట్స్ ప్రచురించిన అధ్యయనాలు పశువులలో ఈ శక్తి ప్రధానంగా ఆర్జితమని స్థాపించాయి. బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో వ్యాపించిన ఒంగోలు సంతతి నేడు ఆ దేశపు మాంసోత్పత్తి పశువులలో అగ్రస్థానంలో ఉంది. 1960 దశకం ఆరంభంలో మన జిల్లాల నుండి వెళ్లిన ఆబోతులు ఆ సంతతికి ముఖ్య పునాదిగా నిలిచాయి. ఉష్ణ ప్రాంతపు వేడిని, తక్కువ రకం మేతను, పిడుదులను తట్టుకోగలగడమే ఈ విస్తరణకు మూలకారణం.

నిరోధక శక్తి ఏర్పడే క్రమం

ఇంతకుముందు పిడుదు ఎరుగని పశువును మొదటిసారి లార్వాలకు గురిచేసినప్పుడు, మూపురం గల జాతికీ ఐరోపా జాతికీ మధ్య పెద్ద తేడా కనిపించదు. తేడా తరువాతి దాడులలో బయటపడుతుంది. ఈ క్రమాన్ని నాలుగు దశలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి దశలో లార్వా తన నోటి భాగాలను చర్మంలోకి దింపి లాలాజలాన్ని విడుదల చేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా, నొప్పి తెలియకుండా, పశువు రక్షణ వ్యవస్థ మేల్కొనకుండా చేసే అనేక ప్రోటీన్లు ఆ లాలాజలంలో ఉంటాయి. కొన్ని పిడుదుల లాలాజలంలో హిస్టమిన్‌ను పట్టి బంధించే ప్రోటీన్లు కూడా గుర్తించబడ్డాయి.

రెండవ దశలో చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు ఈ ప్రోటీన్లను పట్టుకొని సమీపంలోని శోషరస గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ టి, బి లింఫోసైట్లు ఉత్తేజితమై పిడుదు ప్రోటీన్లను గుర్తించే కణాలు, ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఈ ప్రతిరక్షకాలలో కొన్ని చర్మంలోని మాస్ట్ కణాలపై చేరి తదుపరి దాడి కోసం సిద్ధంగా ఉంటాయి.

మూడవ దశ తరువాతి దాడితో మొదలవుతుంది. లార్వా కరచిన వెంటనే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. ఇయోసినోఫిల్, బేసోఫిల్ కణాలు అక్కడికి చేరుకొంటాయి. చర్మం ఉబ్బుతుంది, ద్రవం చేరుతుంది. లార్వాకు రక్తం సక్రమంగా అందదు. హిస్టమిన్ ప్రభావానికి లోనైన లార్వాలు చర్మాన్ని వదలిపెడతాయని 1980లో కెంప్, బోర్న్ చూపారు. నిరోధక శక్తి గల పశువుపై లార్వాలలో అత్యధిక భాగం అంటుకొన్న తొలి 24 గంటలలోనే నశిస్తాయి.

నాలుగవ దశ పశువు ప్రవర్తనకు సంబంధించినది. దురద పుట్టిన చోట పశువు నాకుతుంది, ఒరుసుకొంటుంది, చర్మాన్ని అదిలిస్తుంది. నాకకుండా అడ్డుకొన్న పశువులపై పిడుదుల సంఖ్య పెరుగుతుందని 1956లోనే స్నోబాల్ నమోదు చేశారు. కనుక దురద కేవలం బాధ మాత్రమే కాదు, రక్షణ యంత్రాంగంలో ఒక భాగం. మెడకు పొట్టి తాడు బిగించి కదలనీయకుండా కట్టిన పశువు ఈ రక్షణను కొంతవరకు కోల్పోతుంది.

రక్తంలోని అంశాల పాత్రను నిరూపించడానికి 1976లో రాబర్ట్స్, కెర్ నిరోధక శక్తి గల పశువుల ప్లాస్మాను ఇతర పశువులకు ఎక్కించగా, కొంతమేరకు రక్షణ బదిలీ అయింది. జాతుల మధ్య ప్రతిస్పందనలోనూ తేడా ఉంది. ఐరోపా జాతులలో పిడుదు కాటు వద్ద సాధారణ వాపు కణాలు అధికంగా చేరుతుండగా, మూపురం గల జాతులలో టి లింఫోసైట్ల ఆధారిత ప్రతిస్పందన ప్రముఖంగా ఉన్నట్లు ఇటీవలి దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి. వాపు ఎంత తీవ్రంగా ఉన్నదన్నది కాక, అది ఏ విధమైనదన్నదే రక్షణను నిర్ణయిస్తున్నది.

పైరు నిరోధకతతో పోలిక

వ్యవసాయ విద్యార్థులకు ఈ విషయం పైరు భాషలో సులభంగా అర్థమవుతుంది. పైర్లలో పురుగుల నిరోధకతను ఆర్.హెచ్. పెయింటర్ 1951లో మూడు విధాలుగా విభజించారు. పురుగు ఇష్టపడకపోవడం ఒకటి, పురుగు ఎదుగుదలను దెబ్బతీయడం రెండవది, నష్టాన్ని ఓర్చుకోవడం మూడవది. ఈ మూడూ పశువులలోనూ కనిపిస్తాయి.

ఒంగోలు పశువు పొట్టి, నున్నని, ఒత్తైన వెంట్రుకలు లార్వా నిలదొక్కుకోవడానికి అనుకూలం కావు. నాలుకతో తొలగించడానికి మాత్రం అనుకూలం. ఇది మొదటి విధం. పత్తిలో ఆకుల నూగు అధికంగా ఉన్న రకాలు పచ్చదోమను తట్టుకొంటాయి, పశువులో వెంట్రుకలు పొట్టిగా ఉండటం మేలు చేస్తుంది. నూగు గల పత్తి తెల్లదోమకు అనుకూలమైనట్లే, ఏ లక్షణమైనా ఒక శత్రువు విషయంలో చేసే మేలు మరొక దాని విషయంలో చేయకపోవచ్చు.

నిరోధక శక్తి గల పశువుపై బతికి బయటపడిన ఆడ పిడుదులు కూడా బరువు తక్కువగా ఉండి, తక్కువ గుడ్లు పెడతాయి. ఇది రెండవ విధం. అంటే అటువంటి పశువు తనను తాను కాపాడుకోవడమే కాక, పాకలో, బీడులో తరువాతి తరం పిడుదులను తగ్గిస్తుంది. ఒకే సంఖ్యలో పిడుదులున్నా బరువు, పాల దిగుబడి అంతగా తగ్గకపోవడం మూడవ విధం.

నిరోధక శక్తిని కొలిచే పద్ధతి

ఆస్ట్రేలియాలో యూటెక్, సీఫర్ట్, వార్టన్ 1978లో వివరించిన పద్ధతి నేటికీ ప్రమాణంగా ఉంది. ఒక్కొక్క పశువుపై 20,000 లార్వాలను వదలుతారు. ఇవి సుమారు 1 గ్రాము గుడ్ల నుండి లభిస్తాయి. వాటిలో సగం ఆడవని భావిస్తారు. మూడు వారాల ప్రాంతంలో వరుసగా కొన్ని రోజులు 4.5 నుండి 8 మిల్లీమీటర్ల పొడవు గల ఆడ పిడుదులను పశువు శరీరానికి ఒక వైపున లెక్కించి, రెట్టింపు చేస్తారు. ఆ పరిమాణం గల పిడుదులు మరుసటి రోజుకు నిండుగా రక్తం పీల్చి రాలిపోయేవి. కనుక ఒక రోజు లెక్కించినవి మరునాటి లెక్కలో మళ్లీ చేరవు. పరిపక్వతకు రాకుండా నశించిన ఆడ పిడుదుల శాతమే నిరోధక శక్తి.

ఈ శాతం 98కి మించితే అధికమని, 95 నుండి 98 వరకు మధ్యస్థమని, 90 నుండి 95 వరకు తక్కువని, 90కి లోపు అత్యల్పమని వర్గీకరించారు. శాతాలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 98 శాతానికీ 90 శాతానికీ తేడా స్వల్పంగా కనిపిస్తుంది. కాని 10,000 ఆడ లార్వాలకు మొదటి పశువుపై 200, రెండవ దానిపై 1,000 పిడుదులు పరిపక్వమవుతాయి. అంటే తేడా ఐదు రెట్లు. 80 శాతం గల పశువుపై 2,000 మిగులుతాయి, అది పది రెట్లు. కనుక తట్టుకొన్న శాతం కంటే మిగిలిన పిడుదుల సంఖ్యనే రైతుకు చెప్పడం మంచిది.

ఈ సంఖ్యకు ఆర్థిక విలువ ఉంది. హోల్‌స్టీన్ ఫ్రీజియన్ ఆవులపై ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనంలో, నిండుగా రక్తం పీల్చే ఒక్కొక్క ఆడ పిడుదు రోజుకు 8.9 మిల్లీలీటర్ల పాలను, 1 గ్రాము శరీర బరువును తగ్గించినట్లు తేలింది. ఆ లెక్కన రోజుకు 50 పిడుదులు పరిపక్వమయ్యే ఆవు సుమారు 445 మిల్లీలీటర్ల పాలను కోల్పోతుంది. మన సంకర జాతి ఆవులకు ఈ అంకె యథాతథంగా వర్తించకపోయినా, నష్టం ఏ పరిమాణంలో ఉంటుందో తెలుసుకోవడానికి ఉపకరిస్తుంది.

గ్రామస్థాయిలో లార్వాలను వదలవలసిన అవసరం లేదు. వర్షాకాలంలో, దాని వెనువెంటనే, మందు వాడని రోజులలో ఉదయం వేళ ఒక వైపున ఉన్న పెద్ద పిడుదులను లెక్కించి, అదే పశువును కొన్ని వారాల వ్యవధితో మూడు నాలుగు సార్లు చూస్తే మందలో దాని స్థానం తెలుస్తుంది. ప్రతి మందలోనూ కొద్దిపాటి పశువులే అధిక భాగం పిడుదులను మోస్తాయి. వాటిని గుర్తించడమే ఈ లెక్క ప్రయోజనం.

శక్తిని తగ్గించే పరిస్థితులు

ఒకసారి ఏర్పడిన శక్తి స్థిరంగా ఉన్నా, కొన్ని పరిస్థితులలో తాత్కాలికంగా సన్నగిల్లుతుంది. మేత కొరత వీటిలో మొదటిది. వేసవిలో వరిగడ్డి, జొన్న చొప్ప తప్ప మరేమీ దొరకని పశువుకు ప్రోటీన్ కొరత ఏర్పడి, రక్షణ ప్రతిస్పందన బలహీనపడుతుంది. చివరి నెలల చూడి, ఈనిక, అధిక పాల దిగుబడి కాలం రెండవది. ఇతర వ్యాధులు, సుదీర్ఘ రవాణా, ఎండ ఒత్తిడి మూడవది. మగ పశువులలో ఆడ పశువుల కంటే శక్తి సాధారణంగా తక్కువ. ఈనిన ఆవుపై పిడుదులు హఠాత్తుగా పెరిగితే జాతి లోపమని తీర్మానించరాదు. దాణా, పచ్చిమేత, ఖనిజ లవణాల స్థితిని ముందుగా పరిశీలించాలి.

అనువంశికత, సంకరీకరణ

శక్తి ఆర్జితమైనా, దానిని ఆర్జించగల సామర్థ్యం వంశపారంపర్యం. క్వీన్స్‌లాండ్‌లోని బెల్మాంట్ మందపై మెకిన్నన్, సహచరులు 1991లో ప్రచురించిన అంచనా ప్రకారం పిడుదుల సంఖ్య అనువంశికత 0.34. ఇది మధ్యస్థ స్థాయి. ఎంపిక ద్వారా తరతరానికి మెరుగుదల సాధించవచ్చని దీని భావం. ఐరోపా సంతతికి చెందిన ఇల్లవర్రా షార్ట్‌హార్న్ జాతిలో కూడా ఎంపిక ద్వారా అధిక నిరోధక శక్తి గల వంశాలను రూపొందించగలిగారు.

సంకర జాతులలో సాధారణంగా విదేశీ రక్తం పెరిగిన కొద్దీ పిడుదుల సంఖ్య పెరుగుతుంది. సగం ఒంగోలు రక్తం గల ఆవు గణనీయమైన శక్తిని నిలుపుకొంటుంది. అదే ఆవుకు మళ్లీ విదేశీ వీర్యాన్ని వాడుతూ పోతే రెండు మూడు తరాలలో ఆ శక్తి అడుగంటుతుంది. పాల దిగుబడి మాత్రమే చూచి విదేశీ రక్తం శాతాన్ని పెంచే రైతు, ఆ పాల విలువలో కొంత భాగాన్ని మందులకు, వైద్యానికి వెచ్చించవలసి వస్తుంది.

ట్రాక్టర్ల రాకతో దుక్కి ఎద్దు అవసరం తగ్గి, పాడికి ముర్రా గేదెలు, సంకర జాతి ఆవులు ప్రాముఖ్యం పొందడంతో సొంతగడ్డపై ఒంగోలు పశువుల పెంపకం తగ్గింది. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన స్థానం, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రం, నెల్లూరు జిల్లా చింతలదేవి క్షేత్రం ఈ జాతి సంరక్షణకు కృషి చేస్తున్నాయి. ఇటువంటి మందలలో పాలు, ఎదుగుదల, ఆకృతితో పాటు పిడుదుల సంఖ్యను కూడా నమోదు చేస్తే, ఆబోతుల ఎంపికకు మరొక విలువైన ప్రమాణం చేకూరుతుంది. ఆకృతిలో మేటి అయిన గిత్త పిడుదుల విషయంలోనూ మేటి అయి ఉంటుందని ముందుగానే భావించరాదు. జాతి లోపలి వ్యత్యాసం జాతుల మధ్య వ్యత్యాసం వలెనే పరిగణించదగినది.

పిడుదు నిరోధక శక్తి, వ్యాధి నిరోధక శక్తి

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం పొరపాటు. వ్యాధిని అంటించడానికి క్రిమి గల ఒకే ఒక పిడుదు చాలు. పిడుదులు తక్కువగా పట్టే పశువుకు కూడా థైలీరియా సోకవచ్చు. అయితే పిడుదుల సంఖ్య తగ్గితే సోకే అవకాశం, క్రిముల మోతాదు తగ్గుతాయి.

బబేసియా విషయంలో మరొక సూక్ష్మం ఉంది. జున్నుపాల ద్వారా లభించిన ప్రతిరక్షకాలు, లేత వయసులోని సహజ రక్షణ కారణంగా సుమారు 9 నెలల లోపు దూడలకు వ్యాధి సోకినా తీవ్రత తక్కువగా ఉండి, దీర్ఘకాల రక్షణ ఏర్పడుతుంది. పిడుదు సోకకుండా పెంచిన పెయ్య, పెద్దయిన తరువాత పిడుదులున్న మందలో చేరితే ఎర్ర మూత్రం వ్యాధికి గురై మరణించవచ్చు. కనుక మన పరిస్థితులలో లక్ష్యం పిడుదుల సంపూర్ణ నిర్మూలన కాదు, అదుపు మాత్రమే. ఈ సూత్రాన్ని థైలీరియాకు వర్తింపజేయరాదు. దానివల్ల సంకర జాతి లేగదూడలు కూడా మరణిస్తాయి. అందుకే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారు చేసే రక్షావ్యాక్-టి టీకాను రెండు నెలలు దాటిన సంకర జాతి దూడలకు పశువైద్యుని సలహాపై వేయించాలి.

పిడుదుకే వ్యతిరేకంగా రూపొందిన టీకా సూత్రం మరొకటి. పిడుదు పేగులోని బిఎం86 అనే ప్రోటీన్ ఆధారంగా 1990 దశకంలో క్యూబా, ఆస్ట్రేలియాలలో టీకాలు విడుదలయ్యాయి. సహజంగా పశువు ఎన్నడూ ఎరుగని ప్రోటీన్ ఇది. రక్తంతో పాటు పిడుదు పేగును చేరిన ప్రతిరక్షకాలు ఆ పేగు కణాలను దెబ్బతీస్తాయి. సహజ నిరోధక శక్తి ప్రతి కాటుతో పునరుత్తేజం పొందుతుంది. ఈ టీకా రక్షణకు మాత్రం మళ్లీ మళ్లీ మోతాదులు అవసరమవుతాయి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. పత్తి, మిరప పైర్లకు కొన్న పురుగుమందులను పశువులపై వాడరాదని రైతులకు ఖచ్చితంగా చెప్పాలి. నాకడం పశువు సహజ రక్షణ గనుక ఒంటిపై పోసిన విషం నేరుగా కడుపులోకి చేరుతుంది. పాలలో అవశేషాలు మిగులుతాయి.

2. మందు మార్చడమంటే వాణిజ్య నామం మార్చడం కాదు, రసాయన వర్గాన్ని మార్చడం. సైపర్‌మెత్రిన్ పనిచేయనప్పుడు అదే వర్గానికి చెందిన డెల్టామెత్రిన్ కూడా విఫలం కావచ్చు. అమిట్రాజ్ వేరొక వర్గానికి చెందినది. పాలిచ్చే పశువులకు ఐవర్‌మెక్టిన్ వాడరాదు.

3. మందు విఫలమైందని రైతు చెప్పినప్పుడు ముందుగా మోతాదు, చెవులు, తోక మొదలు, పొదుగు వరకు తడిసిందా లేదా అన్నది విచారించాలి. అవి సరిగా ఉన్నా పిడుదులు చావకపోతే, నిండుగా రక్తం పీల్చిన ఆడ పిడుదులను సేకరించి ప్రయోగశాలలో ముంపు పరీక్షకు పంపాలి.

4. మందలోని పశువులన్నిటికీ ఒకే తీరున మందు వేసే బదులు, లెక్కింపులో అధికంగా పిడుదులు మోస్తున్నట్లు తేలిన పశువులపై దృష్టి నిలపాలి. నిలకడగా పిడుదులు మోసే ఆవు సంతతిని పెంపకానికి నిలుపుకోకపోవడం మేలు.

5. గోడ పగుళ్లను పూడ్చి సున్నం వేయడం, పేడ దిబ్బను పాకకు దూరంగా ఉంచడం, పెరటి కోళ్లను పాకలో తిరగనీయడం హయలోమా పిడుదులను తగ్గిస్తాయి.

6. మొదటి తరం సంకర ఆవుకు వీర్యాన్ని ఎంపిక చేసేటప్పుడు విదేశీ రక్తం శాతాన్ని, రైతుకున్న మేత, వైద్య సదుపాయాలను కలిపి ఆలోచించాలి. సదుపాయాలు పరిమితమైన చోట సగం దేశవాళీ రక్తాన్ని నిలుపుకోవడం శ్రేయస్కరం.

ముగింపు

పిడుదు నిరోధక శక్తి ఒక్క కారణం వల్ల ఏర్పడేది కాదు. వంశం ఇచ్చిన సామర్థ్యం, పిడుదు కాటు నేర్పిన గుర్తింపు, చర్మంలో జరిగే ప్రతిచర్య, నాలుకతో నాకే అలవాటు, మేత ఇచ్చే బలం కలిసి దానిని నిలబెడతాయి. వీటిలో మేతను, ప్రవర్తనకు అవసరమైన స్వేచ్ఛను రైతు ఈ రోజే సమకూర్చగలడు. వంశపు సామర్థ్యం మాత్రం ఒకసారి చేజారితే తిరిగి రావడానికి తరాలు పడుతుంది. రసాయనాలపైనే ఆధారపడటం వలన ఏమి జరుగుతుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఒకసారి చూశారు. పశువుల విషయంలో ఆ అనుభవం పునరావృతం కాకుండా ఉండటానికి కావలసిన జన్యు సంపద ఇదే నేలపై ఒంగోలు మందలలో ఇంకా నిలిచి ఉంది. ఆ మందలలో పిడుదుల సంఖ్యను క్రమబద్ధంగా నమోదు చేయడం, ఆ వివరాలను ఆబోతుల ఎంపికలో వినియోగించడం విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టదగిన తక్షణ కర్తవ్యం.